రిపోర్ట్ ఎవరిది? మార్లవాయి నుంచి పంజాగుట్ట దాకా



నేను అమీర్‌పేటలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. పోయిన ఎండాకాలం పంజాగుట్టలో ఒక కన్సల్టెన్సీ కంపెనీల సర్వే పని దొరికింది. విదేశీ సహాయంతో నడిచే ప్రాజెక్టులకు రిపోర్టులు రాసిచ్చి ఫీజు తీసుకునే కంపెనీ అది. గోండి వస్తదని నన్ను మా జిల్లాకే పంపిండ్రు. ఒక గూడెంల అవ్వ అడిగింది: "బిడ్డా, ఈ కాయితం మళ్ల మా ఊరికి వస్తదా?" ఆఫీసుల అడిగితే "రిపోర్ట్ క్లయింట్‌ది" అన్నరు. అప్పటి నుంచి ఈ చరిత్ర వెతుకుతున్న.

మన దగ్గరికి సలహాదారులు రావడం కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌తో గోండుల పరిస్థితి అధ్యయనం చేయించింది. ఆయన కూడా సర్కారు మనిషే. కానీ భార్య బెట్టీతో మార్లవాయిలో ఉన్నడు, గోండి నేర్చుకున్నడు. 1943లో అక్కడే గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ మొదలైంది. తర్వాత వేల కుటుంబాలకు భూమి పట్టాలొచ్చినయి. అయితే భీం పోరాటం లేకుంటే సర్కారు మన దిక్కు చూసేదే కాదు.

1999 నాటికి పద్ధతి మారింది. చంద్రబాబు ప్రభుత్వం అమెరికా కంపెనీ మెకిన్సీ సాయంతో 'విజన్ 2020' తెచ్చింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న ఆలోచన అందులోదే. అదే కాలంలో ప్రభుత్వ సంస్థల అమ్మకం, మూసివేతల మీద సలహా ఇచ్చింది బ్రిటన్ కంపెనీ ఆడమ్ స్మిత్. ఫీజు కట్టింది బ్రిటన్ సహాయ శాఖ డీఎఫ్‌ఐడీ. అంటే మన పేరు మీద వచ్చిన సహాయంల కొంత మళ్ల వాళ్ల దేశం కంపెనీకే పోయింది.

2001లో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. జ్యూరీల ఎక్కువమంది చిన్న రైతులు, మహిళలు, దళితులు, ఆదివాసీలు. సాక్షులను విని, ప్రశ్నలడిగి, ఆ 40 శాతం లెక్కను వద్దన్నరు. చదువు రానోళ్లకు ఏం తెలుసు అనేవాళ్లకు అదే జవాబు.

ఈ ఉద్యోగాలు చెయ్యొద్దని నేను అనను. ఆ పైసలతోనే నా ఫీజు కట్టిన. కానీ చేరేముందు అడుగుదాం: పైసలు ఎవరివి? రిపోర్ట్ ఎవరికి? ఊరికి తిరిగి ఏం వస్తది?

దండారికి ఊరికి పోయినప్పుడు అవ్వను కలుస్త. రిపోర్ట్ నా దగ్గర లేదు. మేం ఏం అడిగినమో, ఎవరి కోసం అడిగినమో మాత్రం గోండిల చెప్త.

జై జంగో, జై లింగో.