టీవీ, సెట్‌టాప్ బాక్సుల విద్యుత్ వినియోగం - పొదుపు మార్గాలు

టెలివిజన్‌ను రిమోట్‌తో ఆపినంత మాత్రాన విద్యుత్ వినియోగం పూర్తిగా నిలిచిపోదు. రిమోట్ సంకేతాన్ని అందుకొనుటకు టీవీ స్టాండ్‌బై స్థితిలో కొద్దిపాటి విద్యుత్తును తీసుకుంటూనే ఉంటుంది. అనేక సెట్‌టాప్ బాక్సులు స్టాండ్‌బైలో సైతం దాదాపు పనిచేయునప్పటి స్థాయిలోనే విద్యుత్తును వినియోగిస్తాయి.

ఉదాహరణకు, 100 వాట్ల టీవీని రోజుకు 5 గంటలు చూసినచో 30 రోజులకు 15 యూనిట్లు ఖర్చవుతాయి. 10 వాట్ల సెట్‌టాప్ బాక్సు నిరంతరం ఆన్‌లో ఉన్నచో 7.2 యూనిట్లు అవుతాయి. ఇందులో 5.7 యూనిట్లు టీవీ చూడని సమయానివే. గోడ స్విచ్‌ను ఆపివేయడం ద్వారా వీటిని ఆదా చేయవచ్చు.

తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్ ఉచితం. ఈ పరిమితి దాటిన నెలలో పూర్తి బిల్లు చెల్లించవలసి ఉంటుంది. పరిమితికి చేరువలో ఉన్న కుటుంబాలకు ఈ పొదుపు కీలకం.

తెర వెలుగును గదికి తగినట్లు తగ్గించినా వినియోగం తగ్గుతుంది. కొత్త టీవీ కొనునప్పుడు ఒకే పరిమాణం గల టీవీలపై బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ స్టార్ లేబుళ్లను పోల్చి చూడాలి. నక్షత్రాలు ఎక్కువైన కొద్దీ విద్యుత్ ఖర్చు తక్కువ.