చదరంగమున యంత్రము ఓడిన దినములు

లెక్కలో పొరపడని యంత్రము చదరంగమున మనుష్యుని చేతిలో ఏల ఓడుచు వచ్చినది? ఈ ప్రశ్నను విచారించినచో యంత్రము సంగతియే గాక మన బుద్ధి సంగతియు కొంత తెలిసికొనగలము.

1950లో క్లాడ్ షానన్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు కంప్యూటరుచే చదరంగము ఆడించుటకు రెండు త్రోవలు చూపెను. సాధ్యమైన ఎత్తులన్నిటిని వరుసగా పరిశీలించుట ఒకటి. పనికివచ్చు ఎత్తులను మాత్రమే ఏరి లోతుగా చూచుట రెండవది. మొదటిదానికి వేగము చాలును. రెండవదానికి వివేకము కావలెను. కాలక్రమమున బలమైన యంత్రములు మొదటి త్రోవనే పట్టినవి.

ఆ త్రోవలో ఒక చిక్కు కలదు. యంత్రము కొన్ని ఎత్తుల దూరము చూచి ఆగును. ఆ హద్దునకు ఆవలనున్నది దానికి లేనట్లే. తప్పించుకొనరాని నష్టము ఎదురైనపుడు అది ఒకటి రెండు బంట్లను బలియిచ్చి, ఆ నష్టమును హద్దునకు ఆవలకు నెట్టి, గండము గడచినదని తలచును. తుదకు బంట్లును పోవును, నష్టమును తప్పదు. ఉత్తరముల ద్వారా ఆడు చదరంగమున ప్రపంచ విజేతయైన హాన్స్ బెర్లినర్ 1973లో ఈ దోషమును దిగంతముతో పోల్చి వివరించెను.

స్కాట్లండు ఆటగాడు డేవిడ్ లెవీ పదేండ్లలో ఏ యంత్రమును తన్ను ఓడింపజాలదని 1968లో పందెము కట్టెను. 1978లో టొరాంటోలో ‘చెస్ 4.7’ అను కార్యక్రమముపై మూడున్నర, ఒకటిన్నర పాయింట్లతో నెగ్గెను. ఆయన ఉపాయము ఓర్పు. తొందరపడక, బలగమును చక్కదిద్దుకొనుచు, యంత్రము తనంతట చెడు వఱకు వేచియుండెను. ఓర్పు విడిచి ముఖాముఖి పోరునకు దిగిన ఒక ఆటలో మాత్రము ఓడెను.

1997లో, సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలింపగల ‘డీప్ బ్లూ’ న్యూయార్కులో కాస్పరోవును జయించెను. అయినను పాత దోషము పూర్తిగా పోలేదు. 2003లో అదే నగరమున ‘ఎక్స్3డి ఫ్రిట్జ్’తో మూడవ ఆటలో కాస్పరోవు బంట్లను ఎదురెదురుగా బిగించి దారులు మూసెను. కొట్టుటకేమియు లేని ఆ స్థితిలో యంత్రము ఏమి చేయవలెనో తోచక పావులను ఇటునటు జరుపుచుండగా ఆయన నిదానముగా గెలిచెను.

మన లోపమును మఱవరాదు. 2006లో బాన్ నగరమున ప్రపంచ విజేత క్రామ్నిక్ ఒక్క ఎత్తులో కానున్న ఆటకట్టును చూడక ‘డీప్ ఫ్రిట్జ్’కు ఒక ఆట కోల్పోయెను. అట్టి పొరపాటు యంత్రము చేయదు. యంత్రము దూరమున నున్నదానిని కానలేదు. మనుష్యుడు కన్నుల యెదుట నున్నదానిని కానలేదు. యంత్రము తన లోపమును దిద్దుకొన్నది. నేడు దానిని ఓడింపగల ఆటగాడు లేడు. మన అలసట మాత్రము మనతోనే యున్నది.