బొగ్గు నుంచి నేరుగా కరెంటు – ఒక పాత లెక్క

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను సైన్సు చదివినవాణ్ణి కాను, జమాఖర్చుల సెక్షన్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందుచేత ఒక సైన్సు కథను లెక్కల మనిషిగా మనవి చేస్తాను.

బొగ్గు మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో యంత్రం తిప్పి కరెంటు తీయడం మనకు తెలిసిందే. ప్రతి మెట్టులోనూ కొంత శక్తి వృథా అవుతుంది. ఆనాటి ఆవిరి యంత్రాలకు బొగ్గులోని శక్తిలో సుమారు పదోవంతే దక్కేది. మంట లేకుండా బొగ్గు నుంచి నేరుగా విద్యుత్తు తీసే సెల్ కావాలని 1894లో జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ పిలుపునిచ్చాడు.

రెండేళ్ళకే, 1896లో, అమెరికాలోని బోస్టన్‌లో విలియం జాక్వెస్ అటువంటి సెల్‌కు పేటెంటు పొందాడు. ఇనుప పాత్రలో కాస్టిక్ సోడా కరిగించి, బొగ్గు కడ్డీ ముంచి, గాలి ఊదితే కరెంటు వచ్చింది. వంద సెల్లులు కలిపి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు తీశాడు. బొగ్గులోని శక్తిలో 82 శాతం చేతికి వస్తోందని ప్రకటించాడు.

తర్వాత ఆడిట్ జరిగింది. పాత్రను వేడిగా ఉంచే కొలిమి ఖర్చు, గాలి పంపు ఖర్చు ఆయన లెక్కలో లేవు. అవి కలిపితే మిగిలింది 8 శాతమే! పైగా, బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ డయాక్సైడు కాస్టిక్ సోడాను క్రమంగా కార్బొనేటుగా, అంటే మన చాకలి సోడాలో ఉండే లవణంగా, మార్చి పాడుచేసేది.

తర్వాతివారు ఆ చెడిన సరుకునే పెట్టుబడిగా తీసుకున్నారు. జూరిక్‌లో ఎమిల్ బౌర్ బృందం 1921లో మొదటినుంచీ కరిగిన కార్బొనేట్లనే వాడింది. ఇందులో గాలి వైపు ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడు కలిసి కార్బొనేటు అవుతాయి. అది బొగ్గును చేరి, మళ్ళీ కార్బన్ డయాక్సైడును వదులుతూ కరెంటునిస్తుంది. లిథియం, సోడియం, పొటాషియం కార్బొనేట్లు విడివిడిగా 700 డిగ్రీలు దాటితేగాని కరగవు. తగు పాళ్ళలో కలిపితే సుమారు 400 డిగ్రీలకే కరుగుతాయి. 2000 తర్వాత అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల ఇటువంటి సెల్‌తో 80 శాతం దాకా ఫలితం ప్రకటించింది. అయితే గ్యాసుతో నడిచే కార్బొనేట్ సెల్ కేంద్రాలు అమెరికాలో, దక్షిణ కొరియాలో వచ్చాయి గాని, బొగ్గును నేరుగా వాడేవి ప్రయోగశాల గడప దాటలేదు. బొగ్గు బూడిద లవణంలో పేరుకుపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు ఇదే లవణాలతో బయోచార్ తయారుచేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. గాలి తగలకుండా గడ్డి, ఊక, చెక్కపొట్టు వంటివి కాలిస్తే మిగిలే బొగ్గే బయోచార్. కరిగిన లవణంలో వాటికి వేడి త్వరగా, సమంగా అందుతుంది. ఆ బొగ్గును పొలంలో కలిపితే కార్బన్ చాలాకాలం నేలలో నిలుస్తుంది. సెల్‌లో వేస్తే కరెంటు వస్తుంది. బాగానే ఉంది. కాని వరి ఊకలో దాదాపు అయిదోవంతు బూడిదే, అందులో అధికభాగం సిలికా. అది కార్బొనేటుతో కలిసి సిలికేటుగా మారి లవణాన్ని తినేస్తుంది. లవణాన్ని కడిగి తిరిగి రాబట్టే ఖర్చూ రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, సెల్‌లో ఖర్చయిన బొగ్గును నేలలో నిలిపినట్టు చూపరాదు. ఒకే వోచరును రెండు పద్దుల్లో పెడితే మనం బిల్లు పాస్ చేసేవాళ్ళమా?

జాక్వెస్ సెల్‌లో కరెంటు నిజంగానే వచ్చింది. లెక్క మాత్రం సగమే రాశాడు. రేపు ఎవరైనా కొత్త ఇంధన పథకం గురించి గొప్పగా చెబితే, సైన్సు తెలియదని మనం వెనుకాడనక్కరలేదు. ఖర్చు కాలమ్ చూపించమని అడిగే అర్హత మనకు ఉద్యోగమే ఇచ్చింది.