మా బొంత మీది తొమ్మిది ముక్కలు

పోస్ట్ పొడుగైతది, తీరికున్నప్పుడు చదవండి.

పోయిన డిసెంబర్‌ల మా యాడి హాస్టల్‌కు ఒక బొంత పంపింది. మధ్యల మూడు వరుసలు, వరుసకు మూడు చొప్పున తొమ్మిది ఎంబ్రాయిడరీ ముక్కలు, చుట్టూ పాత చీరల ముక్కలు. రూమ్‌ల ఒక అక్క చేతిల పట్టుకొని చూసి, "మంచిగుంది గానీ ఇది మిషన్ పని కదా, ఒరిజినల్ లంబాడీ కాదు" అన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. అయినా ఆ మాట నన్ను వదలలేదు. హిస్టరీ చదువుతున్న పిల్లను, జవాబు వెతకాలె కదా అనుకున్న.

ముందు ఆ బొంత ఎట్ల తయారైందో చెప్త. మా వదిన టైలరింగ్ చేస్తది. 12 అంగుళాల కాటన్ ముక్కలు తొమ్మిది కోసి, నీళ్లల్ల నానబెట్టి ఆరేసి, టౌన్‌ల కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుకు ఇచ్చింది. ముందే తడపకపోతే కుట్టినంక ఉతికినప్పుడు బట్ట ముడుచుకుంటది. మిషన్ కుట్టేటప్పుడు కూడా దారం బట్టను లోపలికి గుంజుతది, అందుకే ఎక్కువ కోసి, పని అయినంక 10 అంగుళాలకు కత్తిరించాలె. వెనుక అంటించిన పేపర్ చింపేసి ముక్కలు జోడించిండ్రు. లోపల దాది కట్టిన రెండు నూలు చీరలు పరిచిండ్రు. అక్కడ్నుంచి పని యాడిది. మిషన్ డిజైన్ చాలా మందం, దాని మీద నుంచి సూది దిగదు. రెండు సూదులు విరిగినయి. చివరికి ముక్కల అంచుల పొంటి, డిజైన్‌ల ఖాళీ ఉన్న చోట మాత్రమే టాకాలు వేసింది. లేకపోతే లోపలి చీరలు ఒక మూలకు జారిపోతయట.

అంటే బొంత పైన మిషన్, లోపల దాది చీర, రెండిటినీ పట్టుకున్నది యాడి టాకా. మరి ఇందులో ఒరిజినల్ ఏది?

మనోళ్ల కుట్టుపనిల ఏమేం ఉంటయో ఒకసారి చూడండి. అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగు దారాలు. వీటిల ఒక్కటి కూడా తండల పుట్టింది కాదు. కుట్టుకునే పలుచటి అద్దాలకు గుజరాత్‌ల కపడ్వంజ్ పేరు మోసిన ఊరు. గవ్వలు ఒకప్పుడు మాల్దీవుల నుంచి ఓడల్ల వచ్చి, మన దేశంల చిల్లర డబ్బు లెక్క చెల్లినయి. ఇవన్నీ మన ఆడోళ్ల చేతికి ఎట్ల వచ్చినయి? మనం అప్పుడు సరుకు మోసేటోళ్లం కాబట్టి. 1632ల పీటర్ మండీ అనే ఇంగ్లిష్ వ్యాపారి దారిల ఒక తండను చూసి, ధాన్యం మోస్తున్న ఎద్దులు 14,000 ఉన్నయని రాసుకున్నడు. పద్నాలుగు వేల ఎద్దులు! మా తండల ఇప్పుడు లెక్కపెడితే ఇరవై దొరకవు. ఆ ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం పోయేది, సైన్యాలకు తిండి అందేది. సంతలు, రేవులు తిరిగే జాతికి ఎక్కడెక్కడి వస్తువులో చేతికి తగిలేవి. ఆడోళ్లు వాటిని ఫేటియా మీద, కాంచళి మీద, సంచుల మీద కుట్టుకున్నరు. ఈ సంగతి నాకు ఏ క్లాసులనూ చెప్పలేదు.

తర్వాత రైలు వచ్చింది. 1853ల బొంబాయి–థానా, మన దిక్కు 1874ల వాడి–సికింద్రాబాద్ లైన్. రైలు మోసే బరువు ముందు ఎద్దు ఏం నిలుస్తది? రెండిటికీ మధ్యల, 1871ల, బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చిండ్రు. తిరుగుడే నేరమన్నట్టు చూసిండ్రు. చాలా చోట్ల మనోళ్ల పేర్లు కూడా ఆ జాబితాలకు ఎక్కినయి. చట్టం పోయింది 1952ల. అప్పటికే మనం కూలికి, పొలానికి వచ్చినం. సరుకు మోసిన చేతులతోని గడ్డపార పట్టినం.

కుట్టు మిషన్ల కథ ఆ వందేళ్లల్లనే వేరే దేశంల నడిచింది. 1828 ప్రాంతంల ఫ్రాన్స్‌ల జోసువా హైల్మాన్ అనే ఆయన, ఒక మనిషి పెద్ద బొమ్మ గీత మీద పుల్ల జరుపుతుంటే చాలా సూదులు ఒక్కసారే కుట్టే యంత్రం చేసిండు. 1863ల స్విట్జర్లాండ్‌ల ఇసాక్ గ్రోబ్లి, కుట్టు మిషన్ పద్ధతిల రెండు దారాలతోని కుట్టే యంత్రం చేసిండు. తర్వాత ఆయన కొడుకు బొమ్మను రంధ్రాల కార్డుల్లకు మార్చిండు. నాకు ఇక్కడే అసలు విషయం కనిపించింది. అప్పటి నుంచి డిజైన్ తెలిసిన మనిషి వేరు, కుట్టేది వేరు. ఇప్పుడు షాపుల ఉండేది కూడా అదే, కార్డుకు బదులు పెన్‌డ్రైవ్‌ల ఫైల్. మా బొంత మీది డిజైన్ ఎవరు చేసిండ్రో షాపాయనకు కూడా తెల్వదు. వదిన అడిగితే "లంబాడీ అని ఫోల్డర్ ఉన్నది" అన్నడట.

దాది కుట్టినప్పుడు ఫోల్డర్ లేదు, గీత కూడా లేదు. దారాలు లెక్కపెట్టుకుంటా నోటితోని అనుకునేది. కర్ణాటకల సండూరు దగ్గర లంబాణీ అక్కలు ఇప్పటికీ కుట్టే కుట్లకు పేర్లున్నయి: కిలన్, వెలె, మాకీ, రేలో, నక్రా, కౌదీ... (కన్నడంల కౌది అంటే బొంతే.) ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023ల హంపిల జి20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా అక్కలు కుట్టిన 1755 వస్తువులు ఒక్క దగ్గర పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టిండ్రు. చదివి సంబరపడ్డ. కానీ మా తండల ఆ పేర్లు నేను అడిగితే యాడికి రెండే తెలుసు. దాదికి తెలుసు గానీ చూపు పోయింది, చేత్తోని చూపించలేదు.

అందుకే మిషన్‌ను తిట్టబుద్ధి కాదు నాకు. ఒక ఫేటియాకు నెలల పని, కూలి లెక్క కడితే ఎవరూ ఇయ్యరు. మా దాది చిన్నప్పటి కాంచళిని ఒక బేరగాడు అగ్గువకు కొనుక్కపోయిండు. దాని నుంచి ఊడిన నాలుగు అద్దాలే ఇంట్ల మిగిలినయి. గవ్వ సంతల కొన్నట్టే, వదిన షాపుల డిజైన్ కొన్నది. కొనుడు మనకు కొత్త కాదు. లెక్క మాత్రం కొనలేం. అది దాది తలకాయల ఉన్నది.

సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ఆ నాలుగు అద్దాలు తీసుకొని బొంత మధ్య ముక్క మీద కూర్చున్న. అద్దం మీద ముందు దారం అడ్డంగా, నిలువుగా వేసి, ఆ దారాన్నే పట్టుకొని చుట్టూ కుట్టాలె. అద్దానికి రంధ్రం ఉండదు కదా. మొదటిది పెట్టేసరికి మధ్యాహ్నం అయింది. రెండోది జారి కిందపడి పలిగింది. దాది వేళ్లతోని మొదటి అద్దం చుట్టూ తడిమి చూసి, ఒక దిక్కు దారం వదులుంది, ఇప్పి మళ్లా కుట్టు అన్నది. ఇప్పి మళ్లా కుట్టిన. ఇంకా రెండు అద్దాలు ఉన్నయి, ఉగాది సెలవులకు పెడుత.

మీ ఇండ్లల్ల కుట్ల పేర్లు తెలిసిన దాదీలు, నానీలు ఉంటే అడిగి కింద రాయండి. ఏ జిల్లా, ఏ తండ అన్నది కూడా రాయండి.