సిస్టైన్ మందిరపు గోడ

రోము నగరమందలి వాటికనులో సిస్టైన్ ప్రార్థనామందిరము కలదు. అచటి వేదిక వెనుకగోడపై మైకెలాంజిలో చిత్రించిన ‘కడపటి తీర్పు’ లోకవిఖ్యాతము. ఆ చిత్రమును మోయుచున్న గోడ కథ మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు. రంగు తాకుటకు ముందు ఆ గోడను సిద్ధపరచుటకే ఇంచుమించు ఏడాది పట్టెను.

అది వట్టి గోడ కాదు. 1481-82 ప్రాంతమున పెరుజీనో అను చిత్రకారుడు దానిపై శిశువగు మోషే నదిలో దొరకుట, క్రీస్తు జననము, మరియమాత స్వర్గారోహణము అను మూడు చిత్రములు వ్రాసియుండెను. వాటికి పైన అర్ధచంద్రాకారపు చిత్రములు రెండు. అవి 1512 నాటికి మైకెలాంజిలోయే ముగించినవి. 1535లో పరంజా లేచినది. అన్నియు రాలిపోయినవి, రెండు కిటికీలను ఇటుకలతో మూసివైచిరి. తన చేతిపనిని తానే రాల్పించుటకు ఎట్టి గుండె కావలయునో! ప్రక్కగోడలపై సాగు మోషే కథ, క్రీస్తు కథ ఈనాటికిని మొదటి ఘట్టము లేకయే ఆరంభమగుచున్నవి. స్వర్గారోహణ చిత్రపు రూపము మాత్రము వియన్నాలోని ఆల్బెర్టీనా సంగ్రహమందున్న ఒక రేఖాచిత్రమువలన తెలియవచ్చుచున్నది.

పిమ్మట పాతగోడకు ముందు క్రొత్త ఇటుకకట్టు కట్టించిరి. పైభాగము అడుగుకంటె సుమారు అరమూర ముందుకు వాలియుండును. దుమ్ము నిలువకుండుటకే అట్లు చేయించెనని చిత్రకారుల జీవితములు వ్రాసిన వసారి చెప్పెను.

ఇంతలో వివాదము పుట్టెను. మైకెలాంజిలో మిత్రుడైన సెబాస్టియానో, గోడపై తైలవర్ణములతో వ్రాయుటలో పేరుపొందినవాడు. అతడు పోపును ఒప్పించి, తైలమునకు అనువైన పూతను గోడకు పట్టించెను. మైకెలాంజిలో ఔననలేదు, కాదనలేదు; కొన్ని నెలలు ఊరకుండెను. తుదకు తాను తడిసున్నముపైననే వ్రాయుదునని పట్టుపట్టి, 1536 జనవరిలో ఆ పూతనంతయు ఊడదీయించెను. ఆ ఇరువురి స్నేహము మరల అతుకలేదు.

ఈ పట్టుదలను కేవలము మొండితనమనుట న్యాయము కాదు. ముందు ముతకగచ్చు పట్టించి, దానిపై ఆ పూటకు చాలినంత మేరనే సన్నని సున్నపుపూత పూయుదురు. అది తడిగా నుండగనే నీటిలో కలిపిన రంగులు వేయవలెను. ఆరునప్పుడు సున్నము గాలిలోని బొగ్గుపులుసువాయువును గ్రహించి రాయిగా మారుచు, రంగును తనలో బంధించుకొనును. మిలానులో లియొనార్డో తన ‘కడపటి విందు’ను పొడిగోడపై వ్రాయగా, కొన్ని దశాబ్దములలోనే అది పెచ్చులు లేచినది.

సుమారు 45 అడుగుల ఎత్తు, 40 అడుగుల వెడల్పు గల ఆ గోడను మైకెలాంజిలో ఇట్లు దినమునకొక ముక్కగా నింపెను. 1541 అక్టోబరు 31న తెర తొలగించిరి. గోడను దుమ్మునకై వాల్చిరి గాని, దీపముల పొగకు ఆ వాలుతో పని లేదు. శతాబ్దముల తరబడి పట్టిన మసిని 1990 మొదలు 1994 వరకు తుడిచి తీయగా, లోపలి నీలిరంగు మరల వెలికివచ్చెను.