కత్తి కన్నా ముందు రక్తపరీక్ష

మహబూబాబాద్ జిల్లాలో పాకాల అడవుల అంచున ఉన్న ఏజెన్సీ మండలం కొత్తగూడ. కోయ గూడేలు, లంబాడా తండాలు విస్తరించిన ఈ నేల 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా వరంగల్‌లో భాగం. ఇలాంటి మండలంలో ఆడమనిషికి ముట్టు తప్పినా, నెలకు రెండుసార్లు వచ్చినా, రక్తస్రావం ఆగకపోయినా కారణం తేల్చుకోవాలంటే పట్నం దారి పట్టక తప్పని రోజులు చాలాకాలం నడిచాయి. ఒకరోజు కూలి, బస్సు ఛార్జీలు, తోడు వచ్చే మనిషి, రిపోర్టు కోసం మరో ప్రయాణం. ఇన్ని కలిస్తేనే పరీక్ష. అందుకే చాలామంది పరీక్ష మానుకుని బాధను భరించారు. భరించలేనప్పుడు ఒకేసారి గర్భసంచి తీయించుకున్నారు. హార్మోన్ పరీక్ష ఎలా పుట్టి ఎంత దూరం వచ్చిందో, తెలుగు నేల మీద గర్భసంచి ఆపరేషన్ ఎలా పెరిగిందో కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. పరీక్ష అందని చోట ఆపరేషనే వైద్యమై కూర్చుంది.

హార్మోన్ అన్న మాటను 1905లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. పేరు వచ్చినా కొలిచే దారి దొరకడానికి దశాబ్దాలు పట్టింది. 1920ల చివర్లో బెర్లిన్ వైద్యులు సెల్మార్ అష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జాండెక్ గర్భం నిర్ధారించడానికి స్త్రీ మూత్రాన్ని చిన్న ఆడ ఎలుకలకు ఎక్కించి, కొన్ని రోజులాగి వాటిని కోసి అండాశయాలు చూసేవారు. అసలు మలుపు 1950ల చివర్లో వచ్చింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ కలిసి రేడియోధార్మిక అయోడిన్ సాయంతో రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాన్ని వాళ్లు పేటెంటు చేసుకోలేదు. అందువల్ల ఏ దేశపు ల్యాబ్ అయినా వాడుకోగలిగింది. బెర్సన్ 1972లో కన్నుమూశాడు, యాలో 1977లో నోబెల్ అందుకుంది. ఈలోగా 1971లో స్వీడన్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మికతకు బదులు ఎంజైముతో పనిచేసే ఎలైజా పద్ధతిని తెచ్చారు. పెద్ద పరిశోధనశాలలకే పరిమితమైన హార్మోన్ కొలత మామూలు ఆసుపత్రి ల్యాబులోకి వచ్చే దారి అలా పడింది.

విజ్ఞానం ఇంత దగ్గరికి వచ్చిన కాలంలోనే మన దగ్గర జరిగింది వేరు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇంకెక్కడా లేనంత ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. వేడి ఆవిర్లు మొదలవుతాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద గర్భసంచి ఆపరేషన్లు విపరీతంగా జరుగుతున్నాయన్న విమర్శలు రావడంతో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పథకం కింద వీటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేసింది. అనవసర ఆపరేషన్లను అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ఇన్ని ఆపరేషన్లకు కారణం పరీక్షల కొరత కాదు, కొన్ని ఆసుపత్రుల లాభాపేక్ష అని కొందరంటారు. లాభాపేక్ష ఉన్న మాట నిజమే. అయితే అది పనిచేసేది భయం మీద. కారణం తెలియని రక్తస్రావానికి క్యాన్సర్ పేరు చెబితే ఎవరైనా బెదిరిపోతారు. హిమోగ్లోబిన్ ఎంత, గర్భం ఉందా, థైరాయిడ్ ఎలా ఉంది, స్కానింగ్‌లో గడ్డలున్నాయా, వయసును బట్టి గర్భసంచి పొర ముక్క తీసి పరీక్షించారా అన్నవి తేలితే ఆ బెదిరింపుకు చోటు తగ్గుతుంది. తక్కువ ఖర్చయ్యే టీఎస్‌హెచ్ పరీక్షలో థైరాయిడ్ లోపం బయటపడితే, కొందరికి మాత్రతోనే నెలసరి దారిలో పడుతుంది.

మరి పరీక్షలు లేకుండానే థైరాయిడ్ జబ్బును జయించాం కదా అన్న ప్రశ్నా వస్తుంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో చేసిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గొంతు వాపు (గాయిటర్) తగ్గుతుందని రుజువు చేసింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అది గొప్ప విజయం. కానీ ఉప్పు తీర్చేది అయోడిన్ లోటునే. శరీరం తన థైరాయిడ్ మీద తానే దాడి చేసే జబ్బు ఉప్పుతో ఆగదు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో 10.95 శాతం మందికి థైరాయిడ్ లోపం కనిపించింది. మగవాళ్లలో 5 శాతమైతే ఆడవాళ్లలో దాదాపు 16 శాతం. మెడ చూస్తే ఈ లోపం తెలియదు, రక్తం చూస్తేనే తెలుస్తుంది.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. హార్మోన్ ప్యాకేజీల పేరుతో పది పరీక్షలు అంటగట్టే వ్యాపారం పట్నాల్లో ముదిరింది, దాన్ని తండాకు కూడా తేవాలా? ఈ అభ్యంతరం న్యాయమైనదే, అందుకే ఏ పరీక్ష ఎప్పుడన్నది తెలియాలి. 45 ఏళ్లు దాటి, ముట్టు సర్దుమణుగుతూ ఆవిర్లు వస్తున్న స్త్రీకి ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ చూడనక్కర్లేదు. ఆ దశలో అది రోజుకో తీరున మారుతుంది, లక్షణాలే చాలు. 40 ఏళ్లలోపే ముట్టు ఆగిపోతే మాత్రం తప్పక చూడాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లను ముట్టు మొదలైన రెండు నుంచి ఐదో రోజు మధ్య చూడాలి. అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టరాన్‌ను తర్వాతి ముట్టుకు వారం ముందు చూడాలి. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఆందోళనతోనూ పెరుగుతుంది కాబట్టి కాసేపు విశ్రాంతి తీసుకున్నాకే రక్తం ఇవ్వాలి. తేదీ చూడకుండా తీసిన రక్తం తప్పుదారి పట్టిస్తుంది.

ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై, 2021 జూన్ 9న మహబూబాబాద్, జనగామ సహా 19 జిల్లాలకు చేరింది. అప్పుడు 57 రకాల పరీక్షలు ఉచితం, 2023లో 134కు పెరిగాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన రక్తం జిల్లా ల్యాబుకు వెళ్తుంది, ఫలితం ఫోనుకు వస్తుంది. 2023 మార్చి 8న ప్రారంభమైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు థైరాయిడ్, నెలసరి, మెనోపాజ్ సమస్యలకు మంగళవారం కేటాయించాయి. మనిషి ప్రయాణానికి బదులు రక్తపు సీసా ప్రయాణం చేసే ఈ ఏర్పాటు కొత్తగూడ లాంటి మండలానికే అన్నింటికన్నా అవసరం. అయితే ఫోనులో వచ్చిన అంకెను చదివి చెప్పే వైద్యురాలు లేకపోతే ఆ ఏర్పాటు సగంలోనే ఆగుతుంది. అందువల్ల ప్రతి ఏజెన్సీ ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక్కరోజైనా స్త్రీ వైద్య నిపుణురాలు కూర్చోవాలి, సమస్యలున్న స్త్రీల నెలసరి తేదీలను ఆశా కార్యకర్త రాసిపెట్టాలి. గర్భసంచి తీయాలని ఎవరైనా చెబితే ప్రతి స్త్రీ మూడు ప్రశ్నలు అడగాలి: ఏ పరీక్షలో ఏం తేలింది? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? జవాబు దొరికే దాకా సంతకం పెట్టకండి.