మాత్రా, మాటా – మనోవైద్య శిక్షణ కథ

మన ధర్మపురిలో 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. బొమ్మిడి చుట్టుపక్కల పల్లెల్లో కూడా డాక్టరు చదువు ఇప్పుడు అందని మాట కాదు. అయితే ఎం.బి.బి.ఎస్. ముగించిన అమ్మాయి "నేను మనోవైద్యం చదువుతాను" అన్నదనుకోండి, ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "పిచ్చి డాక్టరువా?" అని. ఆ సంగతి అలా ఉంచండి. అడగవలసింది వేరే ఉంది. మాత్రలు రాయడం ఒక్కటే నేర్పే చోట చేరుతుందా, మాటతో వైద్యం చేయడం కూడా నేర్పే చోట చేరుతుందా?

ఈ రెండూ మొదటి నుంచీ ఒక గూటి పక్షులు కావు. మద్రాసులో 1794లో మొదలై, 1871లో కీల్పాకుకు మారిన ఆసుపత్రినే తీసుకోండి. ఆ కాలంలో ఇటువంటి చోట్ల వైద్యం కన్నా కాపలాకే పెద్దపీట. 1912లో వచ్చిన చట్టం పేరే లూనసీ చట్టం! మాటవైద్యం మరో దారిన వచ్చింది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో మనోవిశ్లేషణ సంఘం పెట్టారు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపారు. అదే కలకత్తాలో 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ సర్పగంధి వేరు మతి చలించినవారికీ, రక్తపు పోటుకూ పనిచేస్తుందని ప్రకటించారు. ఊరు ఒకటే, దారులు రెండు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ వచ్చాక మందుల దారి రాజమార్గమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగళూరులో ఒక మంచి పని జరిగింది. మనోవైద్యులకు శిక్షణ ఇచ్చే సంస్థ కావాలని 1946లో భోర్ కమిటీ చెప్పింది. దాని ఫలితంగా 1954లో అక్కడి మానసిక వైద్యశాల ఆవరణలోనే అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది. తొలి డైరెక్టరు డాక్టర్ ఎం.వి. గోవిందస్వామి. 1955లో అక్కడ రెండు డిప్లొమాలు మొదలయ్యాయి: ఒకటి డాక్టర్లకు, రెండోది మనస్తత్వశాస్త్రం చదివినవారికి. మందు తెలిసినవాడూ, మాట తెలిసినవాడూ ఒకే ఆవరణలో చదివారన్నమాట. 1974లో ఆ సంస్థే నిమ్‌హాన్స్ అయింది. దీనికి మరో ముఖం కూడా ఉందని నా అనుమానం. పక్కగదిలో మాట్లాడేవారు ఉన్నప్పుడు, డాక్టరు చీటీ రాసి ఊరుకునే అలవాటు సులువుగా పడుతుంది.

వేలూరులో 1957లో డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్ ప్రారంభించిన సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రం ఇంకొక పద్ధతి పట్టింది. రోగితోబాటు ఇంటివారూ అక్కడే ఉండాలి. తల్లి ఎలా మందలిస్తుందో, భర్త ఎంతసేపు మౌనంగా ఉంటాడో డాక్టరు కళ్లారా చూస్తాడు. పుస్తకంలో దొరికే చదువు కాదది. 1973లో డాక్టర్ జె.ఎస్. నేకీ మరో మాట చెప్పారు: మనదేశంలో రోగికీ, వైద్యుడికీ మధ్య గురుశిష్య సంబంధం వంటిది పనికొస్తుందని. మనవాడు వైద్యుడి దగ్గర సలహా కోరతాడు. ఊరికే విని తల ఊపితే "ఏమీ చెప్పలేదే" అని లేచి వస్తాడు.

మాట ఒక్కటే చాలునని కాదు సుమా. 2001 ఆగస్టు 6న మన రాష్ట్రంలోనే ఏర్వాడిలో సంకెళ్లతో కట్టిన 28 మంది మంటల్లో పోయారు. సంకెల చోట మందు అందవలసిన జబ్బులు ఉన్నాయి.

అందుకని, సీటు ఎంచుకునే ముందు ఆసుపత్రి పేరు, స్టైపెండు అడిగి ఊరుకోవద్దు. ఈ మూడేళ్ల ఎం.డి.లో ఒకే రోగిని నెలల తరబడి చూసే వీలుందా? ఆ సంభాషణను వారంవారం విని, తప్పొప్పులు చెప్పే పెద్ద డాక్టరు ఎవరు? లేక రోజంతా బయటి రోగుల వరుసతోనే సరిపోతుందా? ఇంకొకటి, మన సరిహద్దువారు మరచిపోకూడనిది: రోగితో ఏ భాషలో మాట్లాడతారు? మన ఊరి అమ్మ "గుండె బరువుగా ఉంది, ఒళ్లంతా మంటలు" అంటుంది. మాత్రకు దుబాసీ చాలు. ఆ మంట వెనుక ఉన్న కోడలి కష్టం వినడానికి దుబాసీ చాలడు. తమిళం, తెలుగు రెండూ తెలిసిన మన పిల్లలకు ఇది పెట్టుబడి వంటిది.

మన స్టేషనులో బండెక్కితే జోలార్‌పేట నుంచి ఒకవైపు బెంగళూరు, మరోవైపు వేలూరుకు కాట్పాడి. ఫారం నింపేముందు రెండుచోట్లకూ ఒకసారి వెళ్లి, అక్కడ రెండో ఏడు చదివేవారిని "ఈ నెలలో ఎవరితోనైనా గంటసేపు కూర్చుని మాట్లాడారా?" అని అడిగి రమ్మనండి.